స్కిమ్మర్ కప్పులో తేట నీళ్ళు, ట్యాంక్‌లో నైట్రేట్ 50: కొత్త స్కిమ్మర్ కొనే ముందు

పటమటలోని మీ ఫ్లాట్‌లో ఎనిమిది నెలలుగా నడుస్తున్న సముద్రపు ట్యాంక్ గురించి మీరు రాసిన వివరాలు రెండుసార్లు చదివాను. ట్యాంక్, నీటిని శుభ్రం చేసే పరికరాలుండే కింది తొట్టి అయిన సంప్ కలిపి 250 లీటర్ల నీరు, రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ, రెండు కార్డినల్ చేపలు, కొన్ని సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు), వారానికి 10 శాతం నీటి మార్పు. నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 0.3 పీపీఎం ఉన్నాయి, రాళ్ళ మీద పచ్చటి జుట్టు నాచు అల్లుకుపోతోంది. నురగతో మురికిని తీసే స్కిమ్మర్ పగలంతా ఏమీ తీయడం లేదు, సాయంత్రం ఆవిరైన నీటి బదులు మీరు నీళ్ళు పోసిన గంటకల్లా కప్పు నిండా తేట నీళ్ళు పొంగిస్తోంది. దుకాణంలో దీనికి రెండింతల సైజు స్కిమ్మర్ కొనమన్నారు, కొనమంటారా అని అడిగారు.

కొనవద్దు. మీ దగ్గర ఉన్న స్కిమ్మర్ మీ ట్యాంక్‌కు సరిపోతుంది. దానికి నిలకడైన నీటి మట్టం దొరకడం లేదు, పైగా అది తీయలేని చెత్త మీ సంప్ అడుగున, రాళ్ళ వెనక కూర్చుని ఉంది. ఈ రెండూ సరిచేయకుండా ఎంత పెద్ద యంత్రం పెట్టినా నైట్రేట్ తగ్గదు. నేను గుంటూరు బ్రాడీపేటలో పదకొండేళ్ళుగా ఇలాంటి ట్యాంక్ నడుపుతున్నాను. మొదటి రెండేళ్ళలో నేనూ ఇదే పొరపాటు చేసి రెండో స్కిమ్మర్ కొన్నాను కాబట్టి, కారణాలు కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు స్కిమ్మర్ ఏం చేస్తుందో చూద్దాం. నిజాంపట్నం వైపు మా మేనమామ గారి రొయ్యల చెరువులు ఉండేవి. ఏరియేటర్లు రాత్రంతా తిరిగాక తెల్లవారి చూస్తే, గాలివాటున ఉన్న మూలలో గోధుమరంగు నురగ తెట్టులా కట్టి ఉండేది, దాన్ని పుల్లతో కదిపితే జిగటగా సాగేది. ఆ నురగలో ఉన్నది మేతలోంచి, రొయ్యల విసర్జనలోంచి, చచ్చిన నాచులోంచి వచ్చిన సేంద్రియ పదార్థమే. అలాంటి అణువుల్లో చాలా వాటికి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నీటికి దూరంగా జరగాలని చూస్తుంది. గాలి బుడగ ఎదురైతే దూరం జరిగే కొస బుడగలోకి తిరిగి, రెండో కొస నీటిలోనే నిలిచి, అణువు బుడగ చర్మం మీద అతుక్కుపోతుంది. స్కిమ్మర్ పంపు గాలిని సన్నని బుడగలుగా చితగ్గొట్టి, వాటిని కొంతసేపు నీటిలో తిప్పి, పైన ఇరుకైన మెడలోకి పంపుతుంది. అక్కడ బుడగల మధ్య నీరు కిందికి జారిపోయి, మురికి మోసుకొచ్చిన నురగ మాత్రం కప్పులోకి ఒలుకుతుంది. ఉప్పునీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి త్వరగా కలిసిపోవు కాబట్టి అవి సన్నగా ఉండిపోతాయి. మంచినీటి ట్యాంక్‌లో ఇదే యంత్రం పెడితే బుడగలు కలిసి పెద్దవై పగిలిపోతాయి, నురగ నిలవదు.

ఇక్కడ గమనించాల్సినది ఒకటి ఉంది. అమ్మోనియా, నైట్రేట్, కరిగిన ఫాస్ఫేట్ ఇలా బుడగకు అంటుకునే పదార్థాలు కావు. మేత ముక్క కుళ్ళి, బాక్టీరియా దాన్ని అమ్మోనియాగా, తర్వాత నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మార్చేశాక స్కిమ్మర్ దాన్ని ముట్టుకోలేదు. అది చేసే మేలంతా ఆ మార్పుకు ముందే జరగాలి. ఆ దశలోనూ దాని శక్తికి హద్దు ఉంది: అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కెన్ ఫెల్డ్‌మన్ బృందం స్కిమ్మర్లను కొలిచి చూసినప్పుడు, నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో అవి 20 నుంచి 30 శాతం వరకే తీయగలిగాయి, రకరకాల నమూనాల మధ్య తేడా కూడా పెద్దగా కనిపించలేదు. నేను రెండో స్కిమ్మర్ కొన్న రోజుల్లో ఈ సంగతి తెలిసి ఉంటే ఆ డబ్బు ఆర్‌ఓ యూనిట్ మీద పెట్టి ఉండేవాణ్ణి.

ఇప్పుడు మీ మేత లెక్క వేద్దాం, ఎందుకంటే నైట్రేట్ అంతా వచ్చేది అక్కడి నుంచే. మీరు రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాముల గుళికల మేత వేస్తున్నానన్నారు. డబ్బా మీద 50 శాతం ప్రొటీన్ అని రాసి ఉంటే, ఒక గ్రాములో అర గ్రాము ప్రొటీన్, ప్రొటీన్‌లో 16 శాతం నైట్రోజన్, అంటే 80 మిల్లీగ్రాముల నైట్రోజన్. అదంతా నైట్రేట్ అయితే దాదాపు 350 మిల్లీగ్రాములు, మీ 250 లీటర్లలో అది 1.4 పీపీఎం. ఎదిగిన చేపలు ఆ నైట్రోజన్‌లో ఒంటికి పట్టించుకునేది కొంచెమే. కాబట్టి వారం మేత నుంచి మీ నీటిలోకి చేరగలిగే నైట్రేట్ 15 పీపీఎం వరకు ఉంటుంది, 10 శాతం నీటి మార్పు 50లోంచి తీసేది 5 మాత్రమే. నీటి మార్పు ఒక్కదాని మీదే ఆధారపడితే మీ నైట్రేట్ 150 దగ్గరకు పోయి అక్కడ ఆగాలి. 50 దగ్గర ఆగిందంటే మీ స్కిమ్మరూ, రాళ్ళ లోపలి బాక్టీరియా, మీరు తిట్టుకుంటున్న ఆ నాచూ రోజూ ఎంతో కొంత మోస్తున్నాయన్నమాట. ఈ ఐదు చిన్న చేపలకు రోజుకు అర గ్రాము, మహా అయితే ముప్పావు గ్రాము చాలు. గడ్డకట్టిన మైసిస్ (చిట్టి రొయ్యల లాంటి జీవులు) మేతగా వేసే రోజున ముక్కను చిన్న టీ వడకట్టులో వేసి ఆర్‌ఓ నీటితో కరిగించి, ఆ నీళ్ళు పారబోసి, మిగిలిన గుజ్జు మాత్రమే వేయండి. మేత తగ్గించడమే మొదటి పని, దానికి రూపాయి ఖర్చు లేదు.

స్కిమ్మర్ పగలు ఎండిపోయి రాత్రి పొంగడానికి కారణం మీరు పంపిన సంప్ కొలతల్లోనే ఉంది. మీ స్కిమ్మర్ నీటిని తిరిగి ట్యాంక్‌లోకి ఎక్కించే రిటర్న్ పంపు ఉన్న గదిలో నిలబడి ఉంది. ట్యాంక్‌లో ఆవిరైన నీరంతా ఆ ఒక్క గది మట్టంలోనే తగ్గుతుంది. మే నెలలో మన దగ్గర ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలు దాటే రోజుల్లో, మీరు చెప్పినట్టు రెండు ఫ్యాన్లు నీటి మీదకు తిప్పితే రోజుకు ఐదు లీటర్లు పోవడం మామూలే. ఆ గది 35 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి ఐదు లీటర్లంటే మూడున్నర సెంటీమీటర్ల మట్టం. చాలా స్కిమ్మర్లకు మూడున్నర సెంటీమీటర్లలో ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయినట్టే: మట్టం తగ్గినప్పుడు నురగ మెడ దాకా ఎక్కదు, సాయంత్రం మీరు ఒక్కసారిగా ఐదు లీటర్లు పోయగానే నీరే మెడలోకి ఎక్కి కప్పు నిండుతుంది. రోజూ ఇలా జరుగుతుంటే స్కిమ్మర్‌లోంచి నీరు బయటికి పోయే కవాటం ఎటు తిప్పినా లాభం ఉండదు. స్కిమ్మర్‌ను పైనుంచి నీరు దిగే మొదటి గదిలోకి మార్చండి, అక్కడ మట్టాన్ని గాజు అడ్డపలక నిలబెడుతుంది. తయారీదారు చెప్పిన లోతు కంటే ఎక్కువ ఉంటే కింద ఒక ఆక్రిలిక్ పీట వేసి ఎత్తు సరిచేయండి. దానితోపాటు ఆవిరైన నీటిని తనంతట తానే నింపే, ఫ్లోట్ స్విచ్‌తో పనిచేసే ఆటో టాప్‌అప్ పెట్టుకోండి. కొత్త స్కిమ్మర్‌కు అనుకున్న డబ్బులో చిన్న భాగంతో ఇది వస్తుంది, నీటిలోని ఉప్పు కూడా రోజంతా వెయ్యికి 35 వంతుల దగ్గర కదలకుండా ఉంటుంది.

మార్చిన తర్వాత స్కిమ్మర్‌ను సర్దే పద్ధతి చెబుతాను. మొదట కవాటం బాగా తెరిచి, లోపలి నీటి మట్టాన్ని మెడ మొదలుకు కొంచెం కింద నిలపండి. ఒక రోజు వదిలేసి, మరునాడు కొద్దిగా, అంటే వేలు గోరంత మాత్రమే తిప్పండి. రోజుకు రెండుసార్లు తిప్పేవారి స్కిమ్మర్ ఎప్పటికీ కుదురుకోదు. మీకు ఇప్పుడు కావలసింది ముదురు టీ రంగులో, రెండు మూడు రోజులకు కప్పు నిండే పాటి తడి నురగ. ఫిల్టర్ కాఫీ డికాషన్‌లా నల్లగా, చిక్కగా వస్తేనే బాగా పనిచేస్తున్నట్టని చాలామంది అనుకుంటారు. నైట్రేట్ ఎక్కువగా ఉన్న ట్యాంక్‌లో కొంచెం పలచగా, కొంచెం ఎక్కువగా తీయడమే నాకు నచ్చిన దారి, పోయిన ఉప్పునీటి బదులు కలిపి పెట్టుకున్న ఉప్పునీరు పోస్తే సరిపోతుంది. మెడ లోపలి గోడకు జిడ్డు పొర పట్టినప్పుడు నురగ అక్కడే కూలిపోతుంది కాబట్టి రెండు మూడు రోజులకొకసారి దాన్ని తడి గుడ్డతో తుడవండి, సబ్బు మాత్రం తగలనివ్వకండి. గాలి పీల్చే సన్నని గొట్టం లోపల ఉప్పు గడ్డకట్టి గాలి తగ్గిపోవడం మన దుమ్ముకు మరీ ఎక్కువ. పదిహేను రోజులకొకసారి ఒక గ్లాసు వేడి ఆర్‌ఓ నీటిని ఆ గొట్టం చేతే పీల్పించండి. మూడు నాలుగు నెలలకొకసారి పంపు విప్పి, లోపల తిరిగే చక్రమైన ఇంపెల్లర్‌ను నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెడితే దాని మీది సున్నపు పొర ఊడిపోతుంది.

గాలి సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఇది ప్రత్యేకం. స్కిమ్మర్ గంటకు వందల లీటర్ల గది గాలిని పీల్చి మీ నీటిలో సన్నగా కలుపుతుంది. ప్లగ్‌లో పెట్టే దోమల మందులో ఉండే పైరెథ్రాయిడ్ రసాయనాలు చేపలకు, అంతకంటే ఎక్కువగా రొయ్యలకు విషం. నేను ఒక వానాకాలం ఆ మందును సంప్ పక్క ప్లగ్‌లోనే పెట్టుకుని, నాలుగు రోజుల్లో రెండు క్లీనర్ రొయ్యలను పోగొట్టుకున్నాను. వంటింట్లో పోపు పొగ, నూనె ఆవిరి కూడా ఇలాగే లోపలికి పోతాయి. నూనె పలచటి పొరగా చేరినా నురగ ఒక్కసారిగా కూలిపోతుంది. కొబ్బరినూనె అంటిన చేతిని ట్యాంక్‌లో పెట్టిన రోజు స్కిమ్మర్ సాయంత్రం దాకా ఏమీ తీయకపోవడం మీరూ చూసే ఉంటారు. అందుకే గాలి గొట్టానికి పొడవైన గొట్టం అతికించి కిటికీ బయటికి, వాన పడని చోటుకి పెట్టడం మంచిది. దీనివల్ల ఇంకో లాభం ఉంది: ఏసీ కోసం తలుపులు మూసిన గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ట్యాంక్ పీహెచ్‌ను 7.8కి లాగుతుంది, బయటి గాలి పీల్చే స్కిమ్మర్ దాన్ని 8.1 వైపు తిరిగి ఎక్కిస్తుంది.

ఇక కూర్చున్న మడ్డి. వచ్చే ఆదివారం ఒక పని చేయండి: సంప్‌లో నీటిని వడకట్టే గుడ్డ సంచిని, అంటే ఫిల్టర్ సాక్‌ను తీసి పక్కన పెట్టి, సన్నటి గొట్టంతో రాళ్ళ వెనక మూలను, సంప్ మొదటి గది అడుగును ఒక తెల్ల బకెట్‌లోకి లాగండి. మొదట పల్చని గోధుమరంగు నీరు వస్తుంది, ఒక గంట కదపకుండా ఉంచితే అడుగున వేలెడు మందాన మెత్తటి, దూది లాంటి పొర దిగుతుంది, గుళికల మేత తొక్కులు అందులో కంటికి కనిపిస్తాయి. ఆ పొర స్కిమ్మర్‌లోకి చేరనే చేరదు. అది ఉన్నచోటనే కుళ్ళుతూ రోజూ ఫాస్ఫేట్, నైట్రేట్ వదులుతూ ఉంటుంది. వారానికి మీరు మార్చే 25 లీటర్లనూ పైనుంచి మగ్గుతో తీయకుండా ఇలా అడుగు నుంచే లాగండి, అదే నీళ్ళతో రెండింతల పని జరుగుతుంది. మొదటి నాలుగు వారాలు 25 బదులు 35 లీటర్లు మార్చండి. ఇసుకను మాత్రం ఒకే రోజు అంతా కదపకండి, లోతైన చోట గాలి అందని పొరల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు. వారానికి నాలుగో వంతు చొప్పున పై పొర మాత్రం శుభ్రం చేయండి. చివరి చుక్క వరకు నీరు తిరిగేలా రాళ్ళ వెనకకు నీటిని కదిలించే ఒక చిన్న వేవ్ మేకర్ పంపును తిప్పి పెడితే, మడ్డి కూర్చోకుండా తేలి సాక్‌లోకి వస్తుంది.

ఫిల్టర్ సాక్ పదిహేను రోజులకొకసారి మారుస్తున్నానన్నారు. 200 మైక్రాన్ల సాక్‌లో చిక్కిన మేత ముక్క నీటి దారిలోనే ఉంటుంది, బాక్టీరియా దాన్ని అక్కడే కరిగించి తిరిగి మీ ట్యాంక్‌కే పంపుతుంది. మూడు రోజులకొకసారి మార్చే ఓపిక లేకపోతే సాక్ అసలు పెట్టకపోవడమే మేలు. ఆరు సాక్‌లు కొని ఉంచుకుని, వాడినవి సబ్బు లేకుండా బ్లీచింగ్ నీటిలో నానబెట్టి, బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టుకుంటే ఇబ్బంది లేదు.

టాప్‌అప్ నీరు గురించి మీరు ఒక్క మాటే రాశారు, ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్ళని. తాగునీటి యంత్రాల్లో చాలా వాటికి రుచి కోసం కొంత వడకట్టని నీటిని కలిపే ఏర్పాటు ఉంటుంది, అందువల్ల టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 60 దగ్గర ఉండటం మామూలు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగినదంతా ట్యాంక్‌లోనే మిగులుతుంది: రోజుకు ఐదు లీటర్ల చొప్పున నెలకు 150 లీటర్లు పోస్తే తొమ్మిది గ్రాముల లవణాలు చేరినట్టు. బోరు నీరు కలిసే అపార్ట్‌మెంట్లలో వాటిలో నైట్రేట్, సిలికేట్ కూడా ఉండవచ్చు. ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెజిన్ దశ ఉన్న చిన్న యూనిట్ తీసుకుని, మీటరు సున్నా చూపినప్పుడే వాడండి. ఈ నాచు ఎందుకు పోవడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు చాలామందికి ఇక్కడే దొరుకుతుంది.

ఫాస్ఫేట్ 0.3 నుంచి దిగడానికి నైట్రేట్ కంటే ఎక్కువ కాలం పడుతుంది, దానికి భయపడకండి. ఎనిమిది నెలలుగా రాళ్ళు ఫాస్ఫేట్‌ను తమలో పట్టి ఉంచాయి, నీటిలో తగ్గేకొద్దీ వాటిలోంచి తిరిగి వస్తుంది. ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడాలనుకుంటే డబ్బా మీద చెప్పినదానిలో మూడో వంతుతో మొదలుపెట్టండి. ఒక్క వారంలో ఫాస్ఫేట్‌ను సున్నాకు దింపితే కోరల్స్ తెల్లబడవచ్చు, జుట్టు నాచు పోయిన చోట అంతకంటే మొండివైన డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు పట్టవచ్చు. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 దగ్గర నిలిస్తే మీ సాఫ్ట్ కోరల్స్‌కు చాలు. వెనిగర్ లేదా వోడ్కా చుక్కలు వేసి బాక్టీరియాను పెంచే పద్ధతి గురించి కూడా అడిగారు. అది పనిచేస్తుంది, ఎందుకంటే ఆ బాక్టీరియా పెరుగుతూ నైట్రేట్, ఫాస్ఫేట్‌లను ఒంట్లో కలుపుకుంటాయి, వాటిలో కొన్నింటిని స్కిమ్మర్ నురగతో తీసేస్తుంది. కానీ ఆ బాక్టీరియా ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకుంటాయి, 30 డిగ్రీల ఉప్పునీటిలో లీటరుకు 6 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ మాత్రమే నిలుస్తుంది. వేసవిలో, కరెంటు పోయే రోజుల్లో, సరిగా కుదరని స్కిమ్మర్‌తో దీన్ని మొదలుపెట్టవద్దు. సంక్రాంతి దాటాక, మట్టం నిలకడగా ఉందని నిర్ధారించుకుని అప్పుడు ఆలోచిద్దాం. అంతవరకు సంప్‌లో ఒక మూల కీటోమార్ఫా నాచు పెంచి, రాత్రిపూట దానికి లైటు వేసి, నెలకొకసారి సగం పీకి పారేయడం దానికంటే నెమ్మది, దానికంటే క్షేమం.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూసుకున్నారా? పైనుంచి నీరు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది, కరెంటు రాగానే ఆ ఎత్తైన నీటిలోనే స్కిమ్మర్ మొదలై కప్పులోని మూడు రోజుల మురికినంతా తిరిగి సంప్‌లోకి పొర్లిస్తుంది. స్కిమ్మర్‌ను వేరే ప్లగ్‌లో పెట్టి, పది నిమిషాలు ఆగి మొదలయ్యే టైమర్ తగిలించండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఒకటి ట్యాంక్ పక్కనే ఉండాలి, ఇన్వర్టర్ ఉంటే రిటర్న్ పంపునూ వేవ్ మేకర్‌నూ దాని మీద పెట్టి స్కిమ్మర్‌ను ఆగనివ్వండి.

తీసిన మురికిని ఎక్కడ పోస్తున్నారో మీరు రాయలేదు, అయినా అడగకుండా ఉండలేను. వారానికి 25 లీటర్ల ఉప్పునీరంటే దాదాపు 900 గ్రాముల ఉప్పు, ఏడాదికి 45 కిలోల పైమాటే. దాన్ని కాంపౌండ్‌లో కొబ్బరిచెట్టుకు పోస్తే మంచిదని మన వైపు చాలామంది చెబుతారు, కానీ అంత ఉప్పు ఒకేచోట పడితే పక్కనున్న మందారం, కరివేపాకు ముందు మాడిపోతాయి. బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో, రైవస్ కాలువలోనో పోయడం అసలు కూడదు: ఆ నీరు ప్రకాశం బ్యారేజీ నుంచి కింది పొలాలకు, చెరువులకు పోతుంది. గడ్డకట్టిన రొయ్య మేతతో రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ రావచ్చు, మన ట్యాంక్‌లోని ఏ జీవీ ఆ కాలువలకు చెందినది కాదు. కప్పులోని నురగను గ్లవుజులు వేసుకుని టాయిలెట్‌లో పోసి ఫ్లష్ చేయండి, మార్చిన నీటిని కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక పూట ఉంచి బాత్‌రూమ్ డ్రెయిన్‌లో పోసి పైన రెండు బకెట్ల మామూలు నీళ్ళు వదలండి. చేతికి గాటు ఉన్న రోజున గ్లవుజులు లేకుండా ట్యాంక్‌లో చేయి పెట్టకండి, విబ్రియో బాక్టీరియా ఇలాంటి నీటిలో సహజంగానే ఉంటాయి.

మడ్డి తినడానికి సముద్ర దోసకాయ తెచ్చుకోవచ్చా అని చివర అడిగారు. మన సముద్రంలోని ఆ జీవులు, గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాబితాలో ఉన్నాయి, ఎవరు తెచ్చి ఇచ్చినా తీసుకోకండి. మిగిలిపోయిన మేత తినడానికి నాసేరియస్ నత్తలు పది సరిపోతాయి, అవి ఇసుకలో దాక్కుని మేత వాసన తగలగానే బయటికి వస్తాయి.

స్కిమ్మర్ గది మార్చిన రోజును కాగితం మీద రాసి పెట్టుకుని, వారానికొకసారి నీటి మార్పుకు ముందు నైట్రేట్, ఫాస్ఫేట్, ఆల్కలినిటీ (నీటి క్షారత) కొలవండి. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ రంగు మరీ ముదురుగా ఉంటే శాంపిల్‌కు దానికి సమానంగా సున్నా టీడీఎస్ నీరు కలిపి కొలిచి, వచ్చిన అంకెను రెండుతో గుణించండి. నాలుగు వారాల అంకెలు, కప్పులోని నురగ రంగు, మెడకు ఎంత కింద నీటి మట్టం నిలుస్తోందో రాసి పంపండి. అప్పటికీ నురగ మెడ దాకా ఎక్కకపోతే గాలి గొట్టం విప్పి, పంపు శబ్దం వీడియో కూడా పెట్టండి, ఇంపెల్లర్ అరిగిందో లేదో దాన్ని బట్టి చెబుతాను.